డోలక్ ఆగిన చోట

బస్సులో పక్కవాళ్లతో మాట కలపడం నాకు చేతకాదు. కానీ ఆ రోజు గూడూరులో ఎక్కేసరికి పక్క సీటు పెద్దాయన ఒళ్లో డోలక్ ఉంది. పాత చీర చుట్టి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

“భజనకా?” అన్నాను.

“అవును నాయనా. ఒకప్పుడు రేడియోలో గూడా వాయించినా.”

పల్లెల కార్యక్రమమట. రికార్డు చేసుకోవడం లేదు, వీళ్లు పాడుతుండగానే ఊళ్లకు వినిపించేది. బృందమంతటికీ ఒకటే మైకు. పాడేవాళ్లు దాని ముందు, డోలక్ మోత ఎక్కువని ఈయన వెనక గోడ దగ్గర.

“కడాకు మంగళహారతి ఎత్తుకున్నాం. ఊళ్లో అయితే హారతి పళ్లెం లేస్తానే చేతులు జోడిస్తాం గదా. ఆ గదిలో పళ్లెమూ లేదు, దేవుడి పటమూ లేదు. అయినా నా చేతులు లేచిపోయినాయి. డోలక్ ఆగిపోయింది. అద్దం అవతల ఆఫీసరు వాయించమని ఒకటే చేతులు ఊపతా ఉన్నాడు!”

“ఊళ్లో ఏమన్నారు?”

“అందరూ నవ్వినారు. మాయమ్మ మాత్రం, ‘నువ్వు దండం పెట్టింది వినపడిందిరా, నేనూ పెట్టుకున్నా’ అనింది.”

మనుబోలులో దిగిపోయాడు. పేరైనా అడగలేదు.

ఫోన్లో పాట వింటుంటే సిగ్నల్ అందక మధ్యలో ఆగిపోతుంటుంది. ఇదివరకు తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు, ఎవరో దండం పెట్టుకుంటున్నారులే అని కాసేపు ఆగుతాను.