కాలికి తగలని దెబ్బ

ఆటలో కత్తి దెబ్బ ఒంటి మీద ఎక్కడ తగిలిందో కూడా పాచిక వేసే తేల్చాలని పట్టుబట్టిన మనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఆటలోకి వచ్చి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే మాకు యుద్ధం నేర్పడానికి తయారయ్యాడు.

మాదన్నపేటలో ఒక మిత్రుడి ఇంటి మేడ మీది గది మాది. కింద వాళ్ల బర్రెల కొట్టం, పైన మా ఆదివారం ఆట. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరం ఒక్కో వీరుడిగా మాట్లాడుతూ కథ నడిపేవాళ్లం. పోట్లాట వస్తే పాచికలు. ఆ మిత్రుడే ఆట నడిపేవాడు, శత్రువులందరి తరఫునా వాడే ఆడేవాడు. మా పద్ధతి తేలిక. దెబ్బ తగిలిందా, కాగితం మీద రాసుకున్న ప్రాణం అంకెలోంచి కొంత కొట్టెయ్. ఎక్కడ తగిలిందో వాడు నోటితో చెప్పేవాడు: భుజం చీరుకుపోయింది, చెవి పక్క నుంచి రక్తం కారుతోంది. పోట్లాట చిటికెలో ముగిసి కథ ముందుకు పోయేది.

నా వీరుడు గోడలు దూకేవాడు, మిద్దెల మీద పరిగెత్తేవాడు. నా ఎడమ కాలు మాత్రం చిన్నప్పుడే పోలియోకి పోయింది. దబీర్‌పురా నుంచి ఆటోలో వచ్చి, కర్ర ఊతంతో ఆ గదికి చేరేసరికి చొక్కా తడిసిపోయేది. ఆట మొదలయ్యాక ఆ కాలు నాకు గుర్తుండేది కాదు. వారం మొత్తంలో నేను కుంటివాణ్ణి కానిది ఆ కాసేపే.

ఆ ఆదివారం కొత్తవాడి రూలు పెట్టి ఆడి చూశాం: దెబ్బ తగలగానే ఇంకో పాచిక వేయాలి. చేయి పడితే కత్తి జారిపోతుంది. కాలు పడితే నడక సగం, ఎముక విరిగితే జన్మంతా అంతే.

"గిట్లుంటేనే అసలు ఆట. కాలిరిగినోడు యాడన్న ఉర్కుతడా?" అన్నాడు.

"ఇద్దరు దొంగల్ని కొట్టేటందుకు పొద్దంతా పాయె. ఇది ఆటనా, పోలీసోళ్ల పంచనామానా?" అని లేచాను. "నిజం గావాల్నంటే బయటికి పో, కత్తిపోటు తిని రా!"

అందరూ నవ్వారు. ఆట నెమ్మదిస్తోందనే వాదించాను. కాలి మాట ఎత్తలేదు, చచ్చినా ఎత్తను.

ఆట నడిపేవాడు నా భుజం మీద చేయి వేశాడు. "ఫికర్ జెయ్యకన్నా. ఈ రూలు మాకు పెట్టుకుంటం. నీకొద్దు."

"నాకెందుకొద్దు?"

వాడు నా భుజం మీంచి చేయి తీశాడు. "గిన్నేండ్లల్ల నీ వీరునికి కాలు మీద ఒక్క దెబ్బనన్న తగలనిచ్చిన్నా? నేనే చూస్కుంటొచ్చిన గదన్నా."

భుజం, వీపు, మోచేయి, చెవి. గుర్తు చేసుకున్నాను. నిజమే, కాలు ఒక్కసారి కూడా లేదు. నేను పరిగెత్తాననుకున్న ప్రతి మిద్దె మీదా వాడు నా కాలినే చూస్తూ కూర్చున్నాడన్నమాట. మిగతావాళ్లు తలలు దించుకున్నారు. అందరికీ తెలుసు!

"కొట్టు," అన్నాను. "ఇప్పుడే. నా కాలు మీద కొట్టు."

"లొల్లెందుకన్నా..."

"ఎయ్యిరా పాచిక!"

తీసుకున్నాడు. వేయలేదు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసేసరికి నాకు అసహ్యం పుట్టి, నోటికొచ్చినట్టు తిట్టాను. కొత్తవాడైతే వేసేవాడు. ఆ గదిలో అందరినీ కొట్టినట్టే నన్నూ కొట్టడానికి సిద్ధంగా ఉన్నది వాడొక్కడే. అందుకే వాడంటే ఇంకా మంట.

కర్ర తీసుకుని బయటికి వచ్చాను. వెనక నుంచి ఆట నడిపేవాడి గొంతు వినిపించింది.

"పైలం అన్నా, మెట్లు తడిగున్నయి."

తిరిగి చూడలేదు. మెట్లు నిజంగానే తడిగా ఉన్నాయి. గోడ పట్టుకుని దిగాను.