కరెంటు స్తంభం చుట్టూ మిగిలిన పాటిదిబ్బ

మా మనవరాలు కరుణ యూనివర్సిటీలో పురావస్తు శాస్త్రం చదువుతోంది. ప్రత్తిపాడు అవతల ఓ పల్లెలో ఉన్న పాటిదిబ్బ మీద థీసిస్ రాయాలి. పాటిదిబ్బ అంటే ఎన్నో వందల ఏళ్ళ కిందట ఊరుండిన చోటు. బూడిద రంగు మట్టి, నిండా కుండపెంకులు. చలికాలంలో ఒకసారి చూసొచ్చింది. ఇప్పుడు వాన కోసిన అంచున మట్టి పొరలు కొలిచి బొమ్మ గీయాలట. "టేపు రెండో కొస పట్టుకోవటానికి మనిషి కావాలి తాతా" అంది. వెళ్ళాను. నాకు రాయటం పెద్దగా రాదు. అటు వెళ్ళే పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను.

గుంటూరు బస్టాండులో తెల్లవారగానే బస్సెక్కి ప్రత్తిపాడులో దిగాం. ఇడ్లీ తిని, రెండొందలకు ఆటో మాట్లాడుకున్నాం. ఎందుకెళ్తున్నామో చెబితే డ్రైవరు సైదా నవ్వాడు. "పెంకులేరుకోవటానికి ఎమ్మే చదవాలా పెద్దాయనా?"

"పెంకులు కాదన్నా, పొరలు" అని కరుణ ఉత్సాహంగా చెప్పబోయింది. ఎదురుగా ట్రాక్టర్లు వస్తున్నాయి. ట్రక్కుల నిండా బూడిద రంగు మట్టి. కరుణ తల బయటపెట్టి వాటినే చూసింది.

దిబ్బ లేదు. గుంట ఉంది. నడుమ కరెంటు స్తంభం, దాని చుట్టూ తవ్వకుండా వదిలిన మట్టి. చేను రైతు వెంకటేశ్వర్లు గారు ఎదురొచ్చారు.

"ఇదేందండీ, మొత్తం తవ్వేశారు?" అంది కరుణ.

"పాటిమన్నమ్మా. మిరపకి ఇంతకన్నా బలమేముంది? మా తాతల కాడ్నుంచీ తోలుకుంటన్నాం. అప్పుడు బండి, ఇప్పుడు మిషను. నిన్ను మర్చిపోలేదులే, ఇటు రా."

షెడ్డులోంచి గోతం తెచ్చారు. నిండా పెంకులు.

"కూలోళ్ళతో ఏరించా. కడిగించా గూడా. మట్టి లేకుండా చూస్కో!"

కరుణ "థాంక్సండీ" అంది. నావైపు తిరిగి మెల్లగా, "ఏ పెంకు ఏ పొరలోదో తెలియకపోతే ఇంకేం రాయను తాతా" అంది.

"ఆ స్తంభం కాడ ఆపారేం?" అని రైతునడిగాను.

"రేపు లైన్‌మాన్ వచ్చి స్తంభం మారుస్తాడు. అదీ తోలేస్తాం."

స్తంభం చుట్టూ మిగిలిన మట్టి దగ్గర కరుణ టేపు తీసింది. నేను కింద కొస పట్టుకున్నాను. నెత్తి మాడే ఎండలో పొద్దువాలేదాకా గీసింది. ఓ పొరలో నల్లగా కాలిన మట్టి, ఎవరిదో పొయ్యి. దాని ముందు చాలాసేపు కూర్చుంది.

ఆ ఒక్క బొమ్మ థీసిస్‌కు చాలదని గైడు ఫోన్లోనే చెప్పేశారు. తిరుగు బస్సులో గోతం ఒళ్ళోనే పెట్టుకుంది. కింద పెట్టమన్నా పెట్టలేదు. వెంకటేశ్వర్లు గారు ప్రేమగానే ఇచ్చారు. అందుకే ఎవరి మీదా కోపం తెచ్చుకోలేక, కిటికీలోంచి చేలవైపు చూస్తూ కూర్చుంది. ఆ పాత ఊరు ఇప్పుడు ఆ చేలన్నిటా చల్లి ఉంది.

మీరు వెళ్ళేట్టయితే మిరపకోతలు అయ్యేలోపే వెళ్ళండి, చేలు ఖాళీ అయ్యాక మట్టి తోలటం మొదలవుతుంది. మీకు కావాల్సింది పెంకులు కాదు, మట్టి కదలకుండా ఉండటమని రైతుకు మొదటి రోజే చెప్పండి. మేం చెప్పలేదు.