నా చెవులకు మాత్రమే వినబడింది

ముందుగా దేవునికి స్తోత్రం. మనిషి గుండె చప్పుడును ఎముకల వెనక దాచిపెట్టి, తాను మాత్రం ఎప్పుడూ దాన్ని వింటూ ఉండే ప్రభువుకు స్తోత్రం. నిజం దాచినవాణ్ణి కూడా ఇంతకాలం బతకనిచ్చి, ఈ పూట చేతికి కలం ఇచ్చి కూర్చోబెట్టిన ఆయన ఓర్పుకు స్తోత్రం. ఇంతకు మించి స్తుతించే నోరు నాకు లేదు.

చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. మార్కాపురం నుంచి ఆటోలో ముప్పావు గంట దూరంలో ఉన్న ఊళ్ళో, ఒక చిన్న సంఘానికి పెద్దను. మా పాస్టరు గారు నాలుగు ఊళ్ళు చూసుకోవాలి. ఆయన రాని ఆదివారం ఆరాధన నేనే నడిపిస్తాను. పిల్లలకు వాక్యం నేర్పిస్తాను. అందరూ నన్ను నమ్ముతారు. తొమ్మిదేళ్ళుగా నేను మోస్తున్న బరువు అదే, వాళ్ళ నమ్మకం.

ఒక అంకె గురించి అబద్ధం చెప్పాను. చెప్పుకుంటే ఇంత చిన్న మాట. దీన్ని రాయడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

అప్పట్లో నేను మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు బిగించే పని చేసేవాణ్ణి. పలకల గోడౌను పైన ఒక గదిలో, మంగళవారాలు ఒక డాక్టరు గారు వచ్చి ఆక్యుపంక్చర్ చేసేవారు. మా వాళ్ళ మాటలో సూదుల వైద్యం. నా మోకాలి నొప్పికి వెళ్ళి, ఆయన దగ్గరే సహాయకుడిగా చేరాను. వచ్చినవాళ్ళకు బీపీ చూసి కార్డులో రాయడం, అరగంట అయ్యాక సూదులు తీయడం నా పని. తర్వాత కొన్ని చోట్ల సూది పెట్టడం కూడా ఆయనే నేర్పారు. మోచేయి మడత చివర, మోకాలి కింద బయటి వైపు, కాలి బొటనవేలికీ పక్క వేలికీ నడుమ. వెంట్రుక మందం సూదులు. చెయ్యి తేలిగ్గా ఉండాలి. నా చెయ్యి తేలిక అని ఆయన మెచ్చుకున్నారు.

బీపీ ఉన్నవాళ్ళు వస్తే ఆయన మొదట అడిగేది ఒక్కటే, మాత్ర వేసుకుంటున్నారా అని. "సూదులతో కొందరికి కొంచెం తగ్గుతుంది, కొందరికి తగ్గదు. మాత్ర మాత్రం రాసిన డాక్టరు చెప్పకుండా మానొద్దు" అని ప్రతి మనిషికీ విడివిడిగా చెప్పేవారు. నేను పక్కనే నిలబడి ఉండేవాణ్ణి. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు. సూదుల మీద నింద వేసే దారి కూడా లేదు. అవి చేయగలిగింది అవి చేశాయి.

మా ఊరి మందిరంలో శనివారం ఉపవాస ప్రార్థన అయ్యాక, చాప పరిచి సూదులు పెట్టడం మొదలుపెట్టాను. నడుము నొప్పులు, మోకాళ్ళు, తలనొప్పులు. ఆడవాళ్ళు వరుసగా కూర్చునేవాళ్ళు. నేను బైబిలు శిక్షణకు పోయి, మధ్యలోనే తిరిగి వచ్చినవాణ్ణి. వాక్యం చెబితే ఎవరూ పెద్దగా కదిలేవారు కాదు. సూది పెడితే "ప్రభువు నీ చేతిలో ఏందో పెట్టినాడు" అనేవారు. ఆ మాట ఎంత తియ్యగా ఉండేదో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. ప్రభువుకు రావలసిన మాట నా దగ్గర ఆగిపోతోందని నాకు తెలియదా? తెలుసు. ఆగనిచ్చాను.

దీనమ్మ పిన్ని అట్లా వచ్చినదే. సొంత పిన్ని కాదు, వరసకు. యాభై దాటింది. మిరప తోటల్లో కూలికి పోయేది. భర్త లేడు, రూతు అనే కూతురితో ఉండేది. ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీకి మాత్రలు ఇచ్చారు. వాటితో కాళ్ళు వాస్తున్నాయని ఆమె బాధ. మొదటిసారి సూది పెట్టబోతుంటే చేతులు చాపి, "ఇవి మిరపకాయలు తెంపే చేతులబ్బయ్యా, నీ సూది వంగిపోతాది, చూసుకో" అంది. పెట్టాక, "ఇంతేనా? తోటలో చీమ ఇంతకన్నా గట్టిగా కుడతాది. దీనికి నువ్వు మార్కాపురం పోయి నేర్చుకోవాల్నా?" అంది. చాప మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

పది శనివారాలు వచ్చింది. మాత్ర వేసుకుంటూనే సూదులు పెట్టించుకుంది. ఉప్పు చేపలు మానేసింది. ఒక శనివారం నూట ముప్పైకి ఎనభై వచ్చింది. ఏది తగ్గించింది? మాత్రా, సూదా, ఉప్పు మానడమా? మూడూ కలిసి తగ్గించి ఉండొచ్చు. ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. సూదే అనుకున్నాను, అనుకోవాలని ఉంది కాబట్టి. ఆ రోజే ఆమె అడిగింది, మాత్ర మానేస్తే ఏమవుతుందని. డాక్టరు గారు వంద సార్లు చెప్పిన మాట నా నాలుక చివరే ఉంది. నేను మాత్రం, "నీ విశ్వాసం ఎంతో అంత, పిన్నీ" అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. బరువంతా నా మీద పడకుండా ఆమె మీదికి నెట్టే మాట.

ఆమె మాత్ర మానేసింది.

మూడు వారాలకు కోతల పండగ వచ్చింది. పండగ ఆదివారం మా సంఘంలో ప్రతి ఇంటివాళ్ళూ తమ పంటలో మొదటిది తెచ్చి బల్ల మీద పెడతారు, మేలు పొందినవాళ్ళు నిలబడి సాక్ష్యం చెబుతారు. ఆ ఏడు దీనమ్మ పిన్ని చెబుతుందని నేనే పాస్టరు గారికి ముందుగా చెప్పి ఉంచాను. పండగకు ముందు రోజు శనివారం, ఆమె గోడకు ఆనుకుని కూర్చుని చెయ్యి చాపింది. చుట్టూ ఆరేడుగురు ఆడవాళ్ళు. పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలాను.

ఆ పరికరం గురించి ఒక మాట చెప్పాలి. గాలి వదులుతుంటే ముల్లు కిందికి దిగుతుంది. స్టెతస్కోపులో చప్పుడు ఎక్కడ మొదలైతే అది పై అంకె, ఎక్కడ ఆగితే అది కింది అంకె. ముల్లు అందరికీ కనబడుతుంది. చప్పుడు మాత్రం, చెవుల్లో పెట్టుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ వినబడదు.

నూట ఎనభై దగ్గర మొదలైంది. నూట పది దగ్గర ఆగింది. మళ్ళీ గాలి కొట్టి చూశాను. అదే.

"ఎంతుంది అబ్బయ్యా?"

"నూట ముప్పై, పిన్నీ."

"కింద?"

"ఎనభై."

ఆమె వెంటనే సంతోషపడలేదు. నా ముఖంలోకి చూసింది. "సరిగ్గా చూసి చెప్పు. రేపు దేవుని ముందర నిలబడి చెప్పేది. నీ నోటి మాట మీదనే చెప్తుండా."

"చెప్పు పిన్నీ" అన్నాను.

ఎందుకన్నాను? తొమ్మిదేళ్ళలో నేను దీన్ని అన్ని వైపుల నుంచీ తిప్పి చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఎదురుచూస్తున్నారు కాబట్టా? పాస్టరు గారికి చెప్పేశాను కాబట్టా? నడిచి వచ్చింది, అందుకే ఎక్కువ చూపించింది, వచ్చే వారం తగ్గుతుందిలే అనుకున్నానా? అన్నీ కొంచెం కొంచెం. కానీ వాటన్నిటి అడుగున ఒకటి ఉంది. ఆ అంకె ఆమె రక్తానిది అని నాకు తోచలేదు. నా పరీక్ష ఫలితంలాగా తోచింది. నేను తప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

మరునాడు ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. బల్ల మీద బుట్టెడు పండు మిరపకాయలు పెట్టింది. వాటి పక్కనే, మిగిలిన మాత్రల అట్టలు పెట్టింది. "ఇవి ఇంగ నాకొద్దు ప్రభువా, నీకే ఇచ్చేస్తుండా" అంది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆరాధన అయ్యాక కానుకలు తీసి సర్దేది నేనే. ఆ అట్టల్ని ఏం చేయాలో తెలియక, పాటల పుస్తకాల బీరువాలో పైఅరలో పెట్టాను. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది.

రెండు వారాలకు ఆమె మందిరం మెట్ల దగ్గర నన్ను ఆపింది. తల పగిలిపోతోందని, కళ్ళ ముందు మిణుగురుల్లాగా వస్తున్నాయని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "బల్ల మీద పెట్టినది మళ్ళీ అడగొచ్చునా అబ్బయ్యా?" అంది.

ఇది నా రెండో తప్పు. మొదటిదానికన్నా పెద్దది. మొదటిది నోరు జారిందని అనుకున్నా, దీనికి నాకు రెండు వారాల వ్యవధి దొరికింది. ఆమె మళ్ళీ ఆసుపత్రికి పోతే అక్కడ బీపీ చూస్తారు. అంకె బయటపడుతుంది. మా సంఘంలో దేవుని బల్ల మీద పెట్టినదాన్ని ఎవరూ తిరిగి ఇంటికి తీసుకుపోరు. కోడి పెట్టయినా కానుకల వేలంలో కొనుక్కోవాల్సిందే. ఆ కట్టుబాటు నాకు చేతికి అందింది.

"పెట్టినది తీయకూడదు గదా పిన్నీ. ఎండకు వచ్చిన నొప్పిలే" అన్నాను. బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ సూది పెట్టి పంపించాను. బీరువా తాళం చెవి నా జేబులోనే ఉంది.

తొమ్మిదో రోజున మిరప తోటలో పడిపోయింది. అంబులెన్సులో మార్కాపురం, అక్కడి నుంచి ఒంగోలు. వెంట నేనూ వెళ్ళాను. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి, మాట ముద్దయింది. మాత్ర ఎందుకు మానింది అని అక్కడి డాక్టరు అడిగాడు. "విశ్వాసంతో మానేసింది సార్" అంది రూతు. ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

ఊరికి వచ్చాక సూదులు మానేశాను. తీరిక లేదని చెప్పాను. సూదులు నేర్పిన డాక్టరు గారికి మొహం చూపించలేదు.

ఇక్కడితో అయిపోతే ఇంత బరువు ఉండేది కాదేమో. ఏటేటా కోతల పండగ వస్తుంది. ఏటేటా దీనమ్మ పిన్ని కూతురి భుజం పట్టుకుని నిలబడుతుంది. అర్థం కావడానికి కొంచెం సమయం పట్టే మాటల్లో చెబుతుంది: ప్రభువు స్వస్థత ఇచ్చినాడు, బీపీ తగ్గించినాడు, నేనే లోపల ఎక్కడో సందేహపడినాను, బల్ల మీద పెట్టినదాని మీద ఆశపడినాను, అందుకే నా చెయ్యి పోయింది, నన్ను క్షమించమని మీరంతా ప్రార్థన చేయండి. సంఘమంతా ఆమేన్ అంటుంది. నేనూ అంటాను. పెద్దను కాబట్టి కొంచెం గట్టిగానే అంటాను.

ఎనిమిదిసార్లు అన్నాను.

ఇంకొకటి కూడా రాస్తాను, దాచకూడదు కాబట్టి. నాలుగేళ్ళ క్రితం నాకూ బీపీ వచ్చింది. ప్రతి ఉదయం ప్రార్థన ముగించి మాత్ర వేసుకుంటాను. ఒక్కరోజు కూడా తప్పలేదు. సూది పెట్టించుకుందామని కూడా తోచలేదు.

పోయిన ఆదివారం పాటల పుస్తకాలు తీస్తుంటే పైఅరలోంచి ఆ అట్టలు కింద పడ్డాయి. మీద బంగారు రంగు ఇంకా మెరుస్తూనే ఉంది. ఈ ఏటి పండగకు ఇంకా మూడు వారాలు. తొమ్మిదోసారి ఆమేన్ అనడానికి నాకు బలం లేదని ఆ క్షణంలో తెలిసింది. ఇది పశ్చాత్తాపమో, అలసటో నాకు తెలియదు. రెండోదే కావచ్చు. ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను.

మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాను. అట్టలు ఆమె ఎడమ చేతి దగ్గర పెట్టాను. ఆమె ఒక అట్టను ఎడమ చేత్తో తిప్పి చూసింది. తర్వాత ఒక్క మాట అడిగింది.

"ఎంత?"

"నూట ఎనభై, పిన్నీ. కింద నూట పది."

పెదాలు కూడదీసుకుని ఆ రెండు అంకెలూ తనలో అనుకుంది. ఆ పైన, "నాది... గాదా?" అంది.

"ఏంది పిన్నీ?"

"తప్పు."

"నీది కాదు" అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. ఏడవలేదు. ముఖంలో ఏదో వదులైంది. అది నా కోసం కాదు, నాకు తెలుసు. రూతు గడప దగ్గరే నిలబడి ఉంది. "ఏటేటా అమ్మను పట్టుకుని నిలబెట్టింది నేను, అన్నా" అంది మెల్లగా. "నువ్వు ఆమేన్ అంటుంటే ఇన్నా." తిట్టి ఉంటే బాగుండేది. క్షమించమని అడగబోతే దీనమ్మ పిన్ని ఎడమ చెయ్యెత్తి ఆపింది. ఆ చేత్తోనే మందిరం ఉన్న వైపు చూపించింది.

లేచి వచ్చాను. దారిలో ఊపిరి లోపలికి పూర్తిగా దిగింది. అంతే. అంతకన్నా ఏ తీర్పూ, ఏ ఊరటా నాకు రాలేదు, వచ్చిందని చెబితే అది మూడో అబద్ధం అవుతుంది.

పండగ ఆదివారం ఆమె నిలబడే చోట నేను నిలబడతాను. పాస్టరు గారికి చెప్పాను. పెద్దరికం ఉంటుందో పోతుందో సంఘం చూసుకుంటుంది. చదివిన మీరు ఒక్క నిమిషం నాతో తల వంచండి. నాకు క్షమాపణ దొరకాలని అడగొద్దు, దాన్ని నేను తొందరపెట్టను. దీనమ్మ పిన్ని చేతికి కొంచెం బలం ఇవ్వమని అడగండి. నేను నిలబడినప్పుడు, ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గకూడదని, వెనక వరుసలో కూర్చున్న ముసలివాళ్ళకు కూడా స్పష్టంగా వినబడాలని అడగండి.

నూట ఎనభై. నూట పది.