అక్క వేలికి తెలిసిన నల్ల స్లాటు

మొన్న ఆదివారం మా మనవరాలు పంజాగుట్టలో ఒక గ్రాఫిక్స్ కార్డు కొనుక్కొచ్చి, తన కంప్యూటర్ మూత ఊడదీసి నా ముందు పెట్టి, ఇది ఇందులో పడుతుందో లేదో చూడమంది. నేను కళ్ళు మూసుకుని, లోపల కార్డు గుచ్చే స్లాటు మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరిపాను. చూడమంటే కళ్ళు మూసుకుంటావేంటి తాతయ్యా అని పిల్ల నవ్వింది. ఆ అలవాటు మా అక్కది. అక్క పోయి ఇన్నేళ్ళయినా నా వేలిని వదిలిపెట్టలేదు.

అమీర్‌పేటలో నేను హార్డ్‌వేర్ కోర్సు చెప్పే రోజులవి. మెట్టుమెట్టుకీ ఒక ఇన్‌స్టిట్యూట్, రోడ్డు మీద కాలు పెడితే చేతిలో ఒక కరపత్రం. మన వయసువాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. నేనూ అక్కా ఎస్.ఆర్. నగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్ళం. అక్కకి చిన్నప్పుడే చూపు పోయింది. అయినా పట్టుబట్టి డిగ్రీ చేసి, టైపు నేర్చుకుని, మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం సంపాదించింది. టైపు చేయడం వేళ్ళకి వచ్చు గానీ, వచ్చిన ఉత్తరంలో ఏముందో తెలియాలంటే పక్క సీటువాళ్ళు టీ తాగి, కబుర్లు చెప్పుకుని, ఆనక దయతలిచి చదివిపెట్టాలి. ఆ దయ అంటే అక్కకి ఒళ్ళుమంట. చచ్చినా ఇంకెవర్నీ చదవమని అడగను అనేది.

ఆ బాధ తీర్చింది ఒక కార్డు. అక్క స్నేహితురాలొకావిడ సింగపూర్ నుంచి తెచ్చిపెట్టింది. తెర మీది ఇంగ్లీషుని పైకి చదివి వినిపించే కార్డు అది. జలుబు చేసిన మనిషి గొంతులా ఉండేది, మన ఊళ్ళ పేర్లన్నీ ఖూనీ చేసేది. అయినా అక్క దాన్ని మావాడు అనే పిలిచేది. బోర్డు మీద కార్డు గుచ్చే గాడినే స్లాటు అంటాం కదా, ఆ రోజుల్లో పాతరకం స్లాట్లు నల్లగా పొడుగ్గా, కొత్తరకంవి తెల్లగా పొట్టిగా ఉండేవి. ఒకదాని కార్డు ఇంకోదానిలో దిగదు. అక్కది నల్లదానికి మాత్రమే పట్టే కార్డు. నేను ఇంట్లో పాఠం సిద్ధం చేసుకుంటుంటే అక్క బోర్డు ఒళ్ళో పెట్టుకుని, వేలితో తడిమి, ఇది నల్లది, ఇది తెల్లది అని గడగడా చెప్పేసేది. రంగు కనిపించని మనిషి నోటి వెంట ఆ రంగుల పేర్లు వింటుంటే నాకు నవ్వొచ్చేది, లోపల ఎక్కడో కలుక్కుమనేది కూడా. అది చూసే నా క్లాసులోనూ అందరి చేతా కళ్ళు మూయించి స్లాట్లు తడిమించేవాణ్ణి.

కొన్నాళ్ళకి ఆఫీసులో కంప్యూటర్లన్నీ మార్చారు. కొత్తవాటిలో నల్ల స్లాటే లేదు. ఏదైనా ఏర్పాటు చేసుకుంటే సరే, కాకపోతే సీటు మారుస్తామని చెప్పి, కార్డు తీసి అక్క చేతిలో పెట్టారు. అన్ని కంప్యూటర్లనీ కలిపే నెట్‌వర్క్ కార్డు మాత్రం అక్క ఏ కంప్యూటర్ వాడినా దానిలో ఉండి తీరాలన్నారు. నేను అమీర్‌పేట, పంజాగుట్ట దుకాణాలన్నీ జల్లెడ పట్టాను. చివరికి మా ఇన్‌స్టిట్యూట్ కింద రిపేరు షాపు నడిపే భాయ్, ఒక నల్లదీ రెండు తెల్లవీ ఉన్న పాత బోర్డు ఎక్కణ్ణించో పట్టుకొచ్చాడు. సంతోషం పట్టలేక అక్కని ఆటోలో ఎక్కించుకుని షాపుకి తీసుకెళ్ళాను.

భాయ్ అక్క కార్డు నల్లదానిలో గుచ్చి, నెట్‌వర్క్ కార్డు చివరి తెల్లదానిలో పెట్టి ఆన్ చేశాడు. కంప్యూటర్ దాన్ని గుర్తించలేదు. ఆ స్లాటు ఎప్పుడో కాలిపోయిందని అప్పుడు తెలిసింది. మిగిలిన తెల్లది నల్లదాన్ని ఆనుకునే ఉంది. పక్కపక్కన అలా ఉన్న రెండింటికీ క్యాబినెట్ వెనకాల కార్డు మూతి బయటికి రావడానికి ఉండేది ఒకటే సందు. ఒక కార్డు కూర్చుంటే రెండోది కూర్చోలేదు. ఈ ముక్క క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో.

"జర ఆగు అన్నా, చూస్తున్న," అన్నాడు భాయ్, చూడ్డానికేమీ మిగల్లేదని తెలిసి కూడా.

అక్క చెయ్యి చాపింది. ఆ రెండు స్లాట్ల మీదా చెరో వేలూ పెట్టి, మధ్యన ఎడం చూసుకుని, వెనక సందు తడిమింది.

"ఇద్దరూ పట్టర్రా," అంది. "మావాణ్ణి తీసెయ్."

"ఫికర్ చెయ్యకు అక్కా, ఇంకో బోర్డు దేవులాడుదం," అన్నాడు భాయ్. పాపం, వెతికాడు కూడా. అది దొరికేదాకా ఆఫీసు ఆగలేదు.

అక్కని టెలిఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. జీతం తగ్గలేదు, అందరూ మర్యాదగానే ఉన్నారు, మనిషి మాత్రం విరిగిపోయింది. మధ్యాహ్నం ఫోన్లు పలచబడ్డాక మా ఇన్‌స్టిట్యూట్‌కి చేసి, ఏదో ఒకటి చదవరా అనేది. ఎవర్నీ అడగనన్న మనిషి అలా అడుగుతుంటే నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. చేతిలో ఏదుంటే అది, బోర్డుతో వచ్చిన మాన్యువలైనా సరే, చదివేవాణ్ణి. ఏ స్క్రూ ఎక్కడ బిగించాలో దాకా వినేది. కార్డు అక్కర్లేకుండానే చదివే సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత ఆ ఆఫీసుకీ వచ్చిందట. అప్పటికి అక్క లేదు.

ఇప్పటి స్లాట్లు మంచివి. పొట్టి కార్డుని పొడుగాటి స్లాటులో గుచ్చినా పనిచేస్తుంది. పాత కార్డు పెడితే కొత్త బోర్డు తన వేగం తగ్గించుకుని దాంతో కలిసి నడుస్తుంది. జేబులో ఫోను తెలుగు కూడా చదివిపెడుతోంది. సంతోషించాల్సిన సంగతులే, నాకే ఏడుపొస్తుంది. వస్తువులు ఇంత సర్దుకుపోవడం నేర్చుకునేసరికి, దాని అవసరం పడ్డ మనిషి వెళ్ళిపోయింది.

మనవరాలి కార్డు చక్కగా దిగింది. అట్టపెట్టెలో చిన్న మాన్యువల్ ఉంటే తీసి, మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. అవి ఎవరూ చదవరు తాతయ్యా అంది పిల్ల. తెలుసమ్మా అని, చివరిదాకా చదివాను.