నిచ్చెనబండి కుడికాలు

లిప్నిక్, జదోలె ఊళ్ళ మధ్య ఎనిమిది కిలోమీటర్ల దారి, ఒక వంతెన, ఎందుకు మొదలయ్యాయో ఎవరికీ గుర్తులేని తగాదాలు ఉన్నాయి. ఆ రెండు ఊళ్ళూ కలిసి చేసిన మంచిపని ఒక్కటే, నిచ్చెనబండి కొనడం. మూడో అంతస్తుకు అందే నిచ్చెన ఉన్న ఫైరింజన్ విడిగా కొనుక్కునే స్తోమత ఏ ఊరికీ లేదు. అందుకని ఆస్ట్రియా వాళ్ళు ఇరవయ్యేళ్ళు వాడి వదిలేసిన బండిని కలిసి తెచ్చుకున్నారు. ఖర్చు జనాభాను బట్టి పంచాలా, ఎత్తయిన ఇళ్ళను బట్టి పంచాలా అని ఆరు నెలలు కొట్టుకుని, చివరికి విసుగొచ్చి చెరిసగం అన్నారు. చలికాలమంతా బండి లిప్నిక్ షెడ్డులో, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఎండాకాలమంతా జదోలె షెడ్డులో. డీజిలు ఎవరు తిప్పితే వాళ్ళది. టైర్లు ఇద్దరివీ.

ఒప్పందంలో ఎక్కడా రాయకపోయినా బండితోపాటు రెండు ఊళ్ళకూ ఉమ్మడి అయిన మనిషి ఒకడున్నాడు. అతని పేరు సిరిల్ త్రోబెత్స్.

లిప్నిక్ కుర్చీల ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్ళు యంత్రాలకు నూనె పోశాడు. అక్కడ అతన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "ఒరే నూనెడబ్బా" అంటే చాలు, పరిగెత్తేవాడు. పద్దెనిమిదో ఏట వలంటీరుగా అగ్నిమాపక దళంలో చేరాడు గానీ, అక్కడ కూడా మంటల దగ్గరికి వెళ్ళేది ఇంకొకరు, ఆ తర్వాత తడిసిన గొట్టాలు ఆరబెట్టి చుట్టేది ఇతను. వార్షిక సమావేశాల్లో పతకాలు పంచేటప్పుడు చప్పట్లు మాత్రం అందరికన్నా గట్టిగా కొట్టేవాడు.

నిచ్చెనబండి వచ్చిన కొత్తలో దాని నిచ్చెన లేవలేదు. బండికి నాలుగు ఇనుపకాళ్ళు ఉంటాయి. నాలుగూ నేలమీద గట్టిగా ఆనాయని ఆకుపచ్చ దీపాలు వెలిగితేనే నిచ్చెన కదులుతుంది. వెనక కుడికాలి దీపం ఎర్రగానే ఉండిపోయింది. బాగుచేయించే బాధ్యత మీదంటే మీదని రెండు పురపాలక సంఘాలూ ఉత్తరాలు రాసుకున్నాయి. ఈలోగా ఒక ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా సిరిల్ ఒక్కడే షెడ్డులో కూర్చుని ఆ కాలితో కుస్తీ పట్టాడు. పూర్తిగా దించి, జానెడు పైకెత్తి, మళ్ళీ మెల్లగా దించితే దీపం ఆకుపచ్చగా మారింది. పదిసార్లు చేశాడు. పదిసార్లూ మారింది.

ఇద్దరు మేయర్ల ముందు బండిని పరీక్షించిన రోజున, మీటల దగ్గర అందరికీ వీపు అడ్డంపెట్టి ఆ పని చేశాడు. నిచ్చెన లేచింది. జనం ఈలలు వేశారు.

"ఏం చేశావయ్యా?" అన్నాడు రెండు దళాల మీదా పెద్ద అయిన బోల్తెజర్.

"చెయ్యి తిరగాలండీ" అన్నాడు సిరిల్.

పదకొండేళ్ళపాటు ఎవరడిగినా ఆ ఒక్క మాటే చెప్పాడు. సిరిల్ చేతిలో పనిచేస్తోందిగా అని పురపాలక సంఘాలు మరమ్మతు సంగతి హాయిగా మరిచిపోయాయి. బండి జదోలెలో ఉన్న ఆరు నెలలూ ఏ మిద్దెమీద పొగ లేచినా ముందు సిరిల్ ఇంట్లోనే ఫోను మోగేది. ముద్ద నోట్లో ఉండగానే లేచి కారెక్కేవాడు. పనయ్యాక జదోలె వాళ్ళు కాల్చిన సాసేజీలు, సీసాడు వైను చేతిలో పెట్టి పంపేవారు.

"పెళ్ళికొడుకులా వెళ్తున్నావు గదయ్యా" అనేది భార్య జోఫ్కా. "ఆ ఊళ్ళో మగాళ్ళెవరికీ చేతుల్లేవా ఏం?"

"ఉన్నాయే. తిరగవంతే."

అతను సంతోషంగా ఉన్నాడు. ఈ మాట దాచడం దేనికి? అరవై ఏళ్ళ జీవితంలో అతని కోసం రెండు ఊళ్ళు ఎదురుచూడటం అదే మొదలు.

జదోలె డ్రైవర్లలో నీవెస్ కోబల్ అనే అమ్మాయి ఉండేది. పగలు రొట్టెల వ్యాను నడిపేది. మూడుసార్లు అడిగింది.

"బాబాయ్, ఆ కాలి సంగతేంటో నాకు చూపించవూ? నువ్వు రాలేని రోజు వస్తే మా గతేంటి?"

"రాకపోవడమేంటమ్మాయ్, ఎనిమిది కిలోమీటర్లేగా. నీకింకా చెయ్యి తిరగాలి."

సెప్టెంబరులో ఒక మంగళవారం సిరిల్ ఎడమకంటి శుక్లం తీయించుకోవడానికి జిల్లా ఆసుపత్రికి వెళ్ళాడు. ఫోను, బూట్లు, బెల్టు అన్నీ అక్కడి బీరువాలో పెట్టి తాళం వేశారు. పదిన్నరకు జదోలెలో మిల్లు వీధి మేడ మెట్లు అంటుకున్నాయి. మూడో అంతస్తులో అమాలియా అనే ముసలావిడ, ఒకప్పుడు ఊరందరికీ బట్టలు కుట్టినావిడ, కిటికీ దగ్గర చిక్కుకుపోయింది. నీవెస్ బండిని సరైన చోటే ఆపింది. మూడు దీపాలు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. బండితో వచ్చిన పుస్తకంలో రాసినట్టే నాలుగు కాళ్ళూ మడిచి, బండిని జరిపి, మళ్ళీ దించింది. మళ్ళీ ఎరుపే. సిరిల్‌కు ఆరుసార్లు ఫోను చేసింది. పదకొండో నిమిషంలో పొగ తట్టుకోలేక అమాలియా కింద దళం వాళ్ళు పరచి పట్టుకున్న గుడ్డలోకి దూకింది. ప్రాణం దక్కింది గానీ తుంటి విరిగింది. ఇక నడవలేదని డాక్టర్లు తేల్చేశారు.

ఆ ఆదివారం జదోలె షెడ్డులో రెండు దళాలూ సమావేశమయ్యాయి. "సాయానికి!" అని ఒకరికొకరు దళం పలకరింపు చెప్పుకుని కూర్చున్నారు. ఎడమకంటి మీద కట్టుతో సిరిల్ మొదటి వరసలో ఉన్నాడు. బోల్తెజర్ గొంతు సవరించుకున్నాడు.

"బండి మంచిదే. పదకొండేళ్ళుగా సిరిల్ చేతిలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. మరి ఇది తోలినవాళ్ళ తప్పు కాకపోతే ఎవరిదంటారు?"

నీవెస్ లేచింది. ముఖం పాలిపోయి ఉంది.

"నాదేనండీ. నాకు చేతకాలేదు. ఇవిగోండి తాళాలు. కింద నిలబడి ఆవిణ్ణి ఆగమని అరవడం తప్ప ఏం చెయ్యలేకపోయాను."

తాళాలు బల్లమీద పెట్టింది. సిరిల్ ఊరుకుంటే ఆ వ్యవహారం అక్కడితో ముగిసేది. వచ్చే ఎండాకాలంలో ఫోను మళ్ళీ అతనికే మోగేది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసే లేచాడు.

"ఆ పిల్ల తప్పేం లేదండీ. ఆ కాలికో కిటుకుంది. నాకు మొదట్నుంచీ తెలుసు. చెప్పలేదు."

"మర్చిపోయావా?" అన్నాడు బోల్తెజర్, అతనికి ఒక దారి చూపిస్తున్నట్టు.

"లేదండీ. చెప్తే నన్నింకెవరు పిలుస్తారు?"

వెనక వరసలో ఎవరో బూతు మాట అన్నారు. నీవెస్ మాత్రం చాలాసేపు అతని కట్టుకట్టిన కంటివైపు చూసి, తాళాలు తిరిగి చేతిలోకి తీసుకుంది.

"బండి బయటే ఉంది. చూపించు."

చూపించాడు. దించాడు, జానెడు లేపాడు, మెల్లగా దించాడు. దీపం ఆకుపచ్చగా మారింది. నీవెస్ అతన్ని పక్కకు జరగమని తనే చేసింది, మారింది. జదోలె డ్రైవర్లలో మిగతా ఆరుగుర్నీ వరసలో నిలబెట్టింది. ఒక్కొక్కడికి నిమిషం కూడా పట్టలేదు. ఆఖరివాడు ఒక చేత్తో బేరిపండు తింటూ రెండో చేత్తో చేశాడు. అతనికీ మారింది.

నీవెస్ బండిలోంచి పుస్తకం తీసి ఆ పద్ధతిని మూడు వాక్యాల్లో రాసింది. సరిగ్గా ఉందో లేదో చూడమని సిరిల్‌కు ఇచ్చింది. అతను మంచికన్నుతో రెండుసార్లు చదివాడు. సరిగ్గానే ఉంది. చేర్చడానికి ఏమీ లేదు.