రాయి తీశాక రాజవ్వ కంచం

కోరుట్లలోని నా క్లినిక్‌లో నర్సు నిమ్మకాయ కోసినప్పుడల్లా, ఆ పుల్లటి వాసనతో పాటు యశోద మేడం గదిలోకి వచ్చినట్టే ఉంటుంది. దవడ కింద వాపున్నవాళ్లకు నిమ్మచెక్క ఇచ్చి, చప్పరిస్తే వాపు పెరుగుతుందా అని చూడటం ఆమె నేర్పిందే. లాలాజలం నోట్లోకి వచ్చే దారిలో రాయి అడ్డుపడితే పెరుగుతుంది. జగిత్యాలలో ఆమె దగ్గర రెండేళ్లు పనిచేశాను. ఆ రెండేళ్లలో ఒకసారి నా చేతిరాత బాగుందన్నారు.

సిరిసిల్ల నుంచి వచ్చిన రాజవ్వకు అన్నం ముందు కూర్చుంటే చాలు, దవడ కింద కోడిగుడ్డంత వాపు. మెడ కోసి లాలాజల గ్రంథినే తీసేయాలని ఎవరో భయపెట్టారు. మేడం పక్కన నిలబడి, నాలుక కింది నాళంలోకి సన్నని కెమెరా గొట్టం పంపించి, చిన్న తీగబుట్టతో జొన్నగింజంత రాయిని నాచేత లాగించారు. కోత లేదు, కుట్టు లేదు. సాయంత్రానికే ఇంటికి పంపాం. నాకు గర్వమేమీ రాలేదు, నడక మాత్రం కాస్త మారింది.

వారం తర్వాత చూస్తే వాపు లేదు. “అంతా క్లియర్ మేడం” అన్నాను. ఆమె నన్ను పట్టించుకోకుండా రాజవ్వను అడిగారు.

“మంచిగ తింటున్నవా?”

“తింటున్న మేడం. లోపలి అర్రల ఒక్కదాన్నే కూసోని, నా కంచంల నేను.”

“అర్రల ఎందుకే?”

“గవదబిళ్లలు అంటుకుంటయని మా అత్త ఏడాది సంది ఏరే పెట్టింది. నా బిడ్డను గూడ పక్కన కూసోనియ్యది.”

మేడం నావైపు తిరిగారు. “వాళ్లత్తకు చెప్పినవా, ఇది అంటేది కాదని?”

“పేషెంటుకు బొమ్మ గీసి మరీ చెప్పాను మేడం.”

“బొమ్మనా! బువ్వ పెట్టేది ఎవరయ్యా? ఆదివారం సిరిసిల్ల పో.”

“ఎందుకు మేడం?”

“బువ్వ తినుటానికి.”

ఇన్నేళ్లు చదివి, భోజనానికి డ్యూటీ పడిన డాక్టర్ని నేనొక్కణ్నే అయ్యుంటాను. బస్సులో దారంతా మేడంను తిట్టుకుంటూనే వెళ్లాను. రాజవ్వ ఇంట్లో అన్నానికి కూర్చుంటే, ఆమె అత్త నాకు కొత్త కంచం తెచ్చింది. “అది వద్దమ్మా, రాజవ్వ కంచం ఇయ్యి” అన్నాను.

“అయ్యో సారూ, గా కంచమా! అంటుకుంటే ఎట్ల?”

“అంటేదైతే నేను తింటనా? అడ్డమున్న రాయి తీసేసినం. ఇగ ఏం లేదు.”

ఆమె నమ్మలేదు. అయినా ఇంటికొచ్చిన డాక్టరును కాదనలేక ఆ కంచంలోనే వడ్డించింది. నేను తింటుంటే నా దవడ వంకే చూసింది. రాజవ్వ గోడ పక్కన ఉత్తచేతులతో నిలబడింది. ఆమె కూతురు తన కంచం పట్టుకుని లేచి వెళ్లి, “అమ్మా, నా దాంట్ల తిను” అంది.

అత్త గరిటె పైకెత్తి ఆగింది. తర్వాత ఆ కంచంలో పచ్చిపులుసు పోసి, “ఇద్దరికి సరిపోతదా?” అని అడిగింది.

ఇప్పుడు నేను రాయి తీశాక ఇంట్లో వండేవాళ్లనూ లోపలికి పిలిపిస్తాను. బయట లైను పెరుగుతుంది, నర్సు విసుక్కుంటుంది, నేనూ విసుక్కుంటాను. వాళ్లకు కుర్చీ మాత్రం వేయిస్తాను.