మూకుట్లో వేయించిన ఇసుక

మా చిన్నప్పుడు... ఒకరోజు అమ్మ పెరట్లో మూకుడు పెట్టి ఇసుక వేయించింది.

నిజంగా ఇసుకే. పేలాలు వేయించినట్టు గరిటెతో తిప్పుతూ, కొంగుతో చెమట తుడుచుకుంటూ...

బస్తర్ అడవుల్లో, బచేలిలో రైల్వే క్వార్టర్స్ మావి. నాన్న పట్టాల మీద గ్యాంగ్‌మన్. పక్క క్వార్టర్‌లో పెదనాన్న. ఆయన ఎక్కడో ఒక ముసలి అంబాసిడర్ కొన్నాడు, నడిపేది మాత్రం నాన్నే. మా క్వార్టర్ల వరసలో కారంటే అదొక్కటే... పెళ్ళికైనా, ఆసుపత్రికైనా.

ఆ వానాకాలం అక్కకి జగదల్‌పూర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. మర్నాడు పొద్దున్నే కాగితాలతో అక్కడుండాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. చూస్తే కొండచరియ విరిగి పట్టాల మీద పడింది, రైలు లేదు. బంద్ అని బస్సులూ లేవు. ఉన్నదల్లా అంబాసిడర్. దాని సైలెన్సర్ వెనక గొట్టం తుప్పు పట్టి ఊడిపోయి ఉంది. స్టార్ట్ చేస్తే తుపాకీ పేలినట్టే!

ఇంకో ఊళ్ళో అయితే జనం నవ్వి ఊరుకుంటారు. మావోయిస్టులు తిరిగే మా దగ్గర ఆ చప్పుడుతో పోలీసు నాకా దగ్గరికి వెళ్తే ఏమవుతుందో ఇక్కడ పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు...

"ఇంట్లోనే చేసేద్దాం" అన్నాడు నాన్న.

పాడైపోయిన చేతిపంపు గొట్టం ఒకటి తెచ్చాడు. కారుని జాకీతో లేపి, పట్టాల కిందేసే పాత స్లీపర్ చెక్కలు పేర్చి వాటి మీద నిలబెట్టాడు. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. కింద దూరి, వెనక ఇరుసు మీదుగా గొట్టం ఎలా వంపు తిరగాలో సిగ్నల్ తీగని వంచి కొలత తీశాడు. ఇక గొట్టాన్ని ఆ తీగలాగే వంచాలి. ఉత్తినే వంచితే నొక్కుకుపోతుంది. అందుకని లోపల ఇసుక కూరి, రెండు మూతులకీ కర్ర బిరడాలు కొట్టి, నిప్పుల్లో ఎర్రగా కాల్చి వంచుతారు. ఇసుకలో కాస్త తడి ఉన్నా ఆవిరి పట్టి బిరడా ఎగిరి ముఖాన కొడుతుంది. వానాకాలంలో పొడి ఇసుక ఎక్కడుంటుంది? అదీ అమ్మ మూకుడు కథ.

బొగ్గులు రాజేసింది అమ్మే. చేటతో సాయంత్రం దాకా విసిరింది అమ్మే. పెదనాన్న కుర్చీలో కూర్చుని "ఇంకొంచెం వంచరా... అబ్బే, అంత కాదెహె" అంటూ పర్యవేక్షించాడు.

బిగించాక నాన్న స్టార్ట్ చేశాడు. గుర్రుమని మెత్తగా పలికింది.

"మీ నాన్న గురక దీనికంటే పెద్దది" అంది అమ్మ. అక్క పడీ పడీ నవ్వింది.

మర్నాడు తెల్లవారేసరికి అమ్మ తయారు. చెంబులో నిప్పులేసి రుద్దిన చీర... తలలో పువ్వు. బడి ముఖం చూడని మనిషి, కూతురి కాలేజీ గేటు చూడాలని ముచ్చట పడింది. ముందు సీట్లో నాన్న, అక్క, పెదనాన్న. ఆయన లావుకి ఇంకెవరికీ చోటు మిగల్లేదు. వెనక నేనూ, అమ్మా, అక్క ట్రంకుపెట్టే, పరుపుచుట్టా.

కాలనీ గేటు దాటలేదు... గుంతలో పడగానే వెనక టంగ్‌మని మోత!

నాన్న దిగి కిందకి చూసి తల పట్టుకున్నాడు. "సక్రాలు గాల్లో ఉండగా కొలిసీసినాను... బరువెక్కేసరికి ఇరుసు పైకొచ్చి గొట్టాన్ని గుద్దీస్తంది. ఇలాగెళ్తే దారిలో ఊడిపోద్ది."

పట్టాల కింద రాళ్ళు ఎంత దిగుతాయో చూడగానే చెప్పే మనిషి. కారు కూడా బరువెక్కితే అలాగే దిగుతుందని మాత్రం తట్టలేదు.

మళ్ళీ వంచే టైం లేదు. వెనక బరువు తగ్గాలి.

ఎవరు దిగాలని ఎవరూ అడగలేదు. తలుపు చప్పుడైంది. చూస్తే అమ్మ అప్పటికే రోడ్డు మీద ఉంది.

"దిగరా గుంటడా. బేగెల్లండి మీరు. నానింకోపాలి సూస్తాన్లే." కిటికీలోంచి అన్నం మూట అక్క ఒళ్ళో పెట్టింది.

"నువ్వెందుకే అక్కడికి... ఆఫీసులో హిందీ మాట్లాడాలి కదా, నేనుండాలి" అన్నాడు పెదనాన్న, ఎవరూ అడక్కుండానే. సంతలో హిందీ, ఇక్కడివాళ్ళ హల్బీ రెండింట్లోనూ బేరాలాడే మనిషి మా అమ్మ!

ఇంటికొచ్చి చీర మడతపెట్టి పెట్టెలో దాచింది. మూకుడు ముందేసుకుని తోమింది. ఎంత తోమినా చాలా రోజులు ఏం వేయించినా పంటికింద ఇసుక తగిలేది...

అక్కకి సీటు దక్కింది. ఆ తర్వాత నాన్న గొట్టం సరిగ్గా వంచాడు. ఈసారి చక్రాలు నేల మీద పెట్టి, వెనక సీట్లో పెదనాన్నని కూర్చోబెట్టి మరీ కొలిచాడు. కానీ అమ్మ అన్న ఆ ఇంకోసారి మాత్రం ఎప్పుడూ రాలేదు. ఒకసారి చుట్టాలు, ఒకసారి ఎవరికో జ్వరం... అక్క చదువు అయిపోయింది, కారు పాత ఇనుము కింద పోయింది.

శ్రమ గురించి, సమానత్వం గురించి దొరికిన కరపత్రమల్లా చదివాను. మీటింగుల్లో గొంతు చించుకున్నాను, పెదనాన్నతో పండగపూట కూడా పోట్లాడాను. ఇప్పుడు అరిచే ఓపిక లేదు... నిజంగా అలిసిపోయాను. మొన్న అడిగాను, జగదల్‌పూర్ పోదామా అమ్మా, కాలేజీ చూద్దువుగానీ అని.

"ఇప్పుడేటి సూస్తాన్రా? గుంట సదువైపోనాది కదా" అంది చేటలో బియ్యం చెరుగుతూ.

ఇప్పుడు గొట్టం కావాలంటే ఫోన్లో నొక్కితే ఇంటికొస్తుంది. ఎవరూ ఇసుక వేయించక్కర్లేదు. బరువెక్కినప్పుడు దిగే మనిషి మాత్రం మారలేదు...

మీ ఇంట్లో అలా ముందు దిగిపోయింది ఎవరో కింద రాయండి. అమ్మ, అత్త, అక్క అని కాదు... పేరుతో రాయండి.

మా అమ్మ పేరు అప్పలనరసమ్మ.